సైకిల్ ఆయిల్ బ్రేకులో గాలి తీయడం: మా పెరట్లో ఒక రోజున్నర

పోయిన నెల ఒక ఆదివారం తెల్లవారుజామున సైకిల్ మీద గువ్వలచెరువు ఘాట్ ఎక్కాను. ఎక్కేటప్పుడు బ్రేకుతో పనుండదు కాబట్టి తేడా ఏమీ తెలియలేదు. పైన టీ తాగి, ఇంటికి పావుకిలో పాలకోవా కట్టించుకుని కడప వైపు దిగడం మొదలుపెట్టాను. మూడో మలుపు దగ్గరనుకుంటా, వెనక బ్రేక్ నొక్కితే లివర్ మెత్తగా లోపలికి వచ్చేసింది. మామూలుగా అయితే సగం దూరం రాగానే రాయిలా ఆగిపోవాలి. ఆ రోజు హ్యాండిల్‌కు తగిలేదాకా వచ్చింది. వదిలి మళ్లీ రెండుమూడు సార్లు టకటకా నొక్కితే కాస్త గట్టిపడుతుంది, పది సెకన్లు ఆగి నొక్కితే మళ్లీ అదే మెత్తదనం. వెనక ఒక లోడ్ లారీ, పక్కన లోయ. ఈ ఘాట్‌లో బ్రేకులు ఫెయిలై పడిపోయిన బండ్ల గురించి మన జిల్లాలో చదవనివాళ్లు ఉండరు. ముందు బ్రేక్ బాగానే ఉంది కాబట్టి దాన్ని వదులుతూ పడుతూ పక్కకు తీసి ఆపాను. ఆ తర్వాత మలుపులన్నీ దిగి నడిపించుకుంటూనే వచ్చాను, గంట పట్టినా సరే.

ఇంటికొచ్చాక చేసిన పని గురించి వివరంగా రాయాలని కూర్చున్నాను. ఎందుకంటే మన ఊళ్లలో ఇప్పుడు డిస్క్ బ్రేకుల సైకిళ్లు చాలామంది కొంటున్నారు. పదో తరగతి పిల్లలు కూడా వాటి మీదే తిరుగుతున్నారు. ఆ బ్రేకు మెత్తబడితే ఏం చేయాలో తెలుగులో చెప్పేవాళ్లు మాత్రం నాకు కనబడలేదు.

ముందు ఆ మెత్తదనం ఎందుకొస్తుందో చూద్దాం. లివర్ దగ్గర ఒక చిన్న పిస్టన్, చక్రం దగ్గర కాలిపర్‌లో (చక్రంతో పాటు తిరిగే రేకు డిస్కును రెండు ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం) రెండు పెద్ద పిస్టన్లు, మధ్యలో సన్నటి పైపు నిండా ఆయిల్. బడిలో చదివిన పాస్కల్ సూత్రమే: మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తితే ఆ ఒత్తిడి అన్నివైపులా సమానంగా పోతుంది. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. అంతే తేడా. లివర్ పిస్టన్ వెడల్పు 10 ఎంఎం అనుకోండి, లోపల ఒక బఠాణీ గింజంత, అంటే 6 ఎంఎం గాలి బుడగ ఉందనుకోండి. ఆ బుడగ పూర్తిగా నలగడానికే పిస్టన్ దాదాపు ఒకటిన్నర ఎంఎం కదలాలి. లివర్ ఆ కదలికను అయిదింతలు చేస్తుందనుకుంటే వేలి దగ్గర 7 ఎంఎం. అంటే ప్యాడ్ డిస్కును తాకకముందే వేలు 7 ఎంఎం ఊరికే పోయింది. ఇలాంటి బుడగలు రెండుంటే లివర్ హ్యాండిల్‌కు తగలక ఏమవుతుంది? గాలి తీయడమంటే ఆ బఠాణీ గింజను వెతికి బయటికి పంపడమే.

మరి మూసి ఉన్నదాంట్లోకి గాలి ఎలా వచ్చింది? నా విషయంలో కారణం తర్వాత అర్థమైంది. ఘాట్‌కు వెళ్లే ముందు వారం పాలకొండల కింద మట్టి దారుల్లో తిరుగుతుంటే సర్కారు తుమ్మ ముల్లు దిగి పంక్చరైంది. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి అరగంట పైనే పని చేశాను. లివర్ దగ్గర చిన్న ఆయిల్ తొట్టి ఉంటుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకొస్తాయి, వాటి వెనక ఖాళీ నిండడానికి తొట్టిలో ఆయిల్ కిందికి పోతుంది. తొట్టి అంచుదాకా నిండి ఉంటే సైకిల్‌ను తలకిందులు చేసినా ఏమీ కాదు. ఆయిల్ తగ్గి, పైన కాస్త గాలి ఉండి, అప్పుడు తలకిందులు చేస్తే ఆ గాలి నేరుగా పైపు దారి పట్టుకుంటుంది. నా ప్యాడ్లు చూస్తే మందం ఒక ఎంఎం కూడా లేదు. బ్రేకులు తయారుచేసే షిమానో కంపెనీ వాళ్లయితే ప్యాడ్ మందం 0.5 ఎంఎంకు వస్తే మార్చేయమంటారు, డిస్క్ కొత్తగా 1.8 ఎంఎం ఉండేది 1.5కి అరిగితే అదీ మార్చమంటారు. కాబట్టి గాలి తీసే ముందు ఈ రెండూ చూసుకోండి. అరిగిన ప్యాడ్లతోనే ఆయిల్ నిండా పోసేస్తే తర్వాత కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్లు వెనక్కి పోవడానికి చోటుండదు.

ఇంకో మాట, ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. రెండేళ్ల కింద ఇదే సైకిల్ ముందు బ్రేకు మెత్తబడితే ఒక షాపులో ఇచ్చాను. సాయంత్రానికి లివర్ గట్టిగా చేసి ఇచ్చారు, నాకు చాలా సంతోషమైంది. మూడు వారాలకు లివర్ నొక్కితే వెనక్కి రావడం మానేసింది. విప్పి చూస్తే లోపల ఉండాల్సిన ఎర్ర ఆయిల్ లేదు, పసుపుపచ్చగా ఏదో ఉంది. కారుకు పోసే బ్రేక్ ఆయిల్ పోశారు. నా బ్రేకు షిమానోది, దానికి మినరల్ ఆయిల్ మాత్రమే పోయాలి. కార్లకూ బైకులకూ పోసేది డాట్ ఆయిల్, అది వేరే జాతి. డాట్ తగిలితే మినరల్ ఆయిల్ కోసం చేసిన రబ్బరు సీళ్లు (పిస్టన్ల చుట్టూ ఆయిల్ కారకుండా ఆపేవి) ఉబ్బిపోతాయి. డాట్ బ్రేకులో మినరల్ ఆయిల్ పోసినా అంతే, దాని సీళ్లు పాడవుతాయి. ఆ లివరూ కాలిపరూ రెండూ మార్చాల్సి వచ్చింది. ఆ షాపు కుర్రాడి మీద నాకు కోపం లేదు, వాళ్ల దగ్గరికి రోజూ వచ్చేవి బైకులే. కానీ ఆ రోజే అనుకున్నాను, ఇక నా బ్రేకు నేనే చూసుకోవాలని.

మీ సైకిల్‌కు ఏది పోయాలో లివర్ మూత మీదే రాసి ఉంటుంది, చాలావాటికి. షిమానో, టెక్ట్రో, మగురా మినరల్ ఆయిల్. హోప్ డాట్. శ్రామ్‌లో ఎక్కువ మోడళ్లు డాట్ 5.1, కానీ మావెన్, డీబీ8 లాంటివి మినరల్. మినరల్ ఆయిల్ అన్నారు కదా అని పిల్లలకు పూసే నూనో, కుట్టుమిషన్ నూనో పోయకండి. ఘాట్ దిగేటప్పుడు పుట్టే వేడి తక్కువేమీ కాదు. మనిషీ సైకిలూ కలిపి 90 కిలోలు, 300 మీటర్ల ఎత్తు నుంచి దిగారనుకోండి, ఆ మొత్తం శక్తి దాదాపు 2 లక్షల 65 వేల జౌళ్లు. లీటరుకు కాస్త తక్కువ నీళ్లను పొయ్యి మీద మరిగించేంత వేడి అది. ఎదురుగాలి తీసుకున్నది పోను మిగిలినదంతా ఆ రెండు పల్చటి డిస్కుల మీదే పడుతుంది. డాట్ ఆయిల్‌కు గాల్లో తేమను పీల్చుకునే గుణముంది, అందుకే డాట్ 4 అనే రకానికి పెట్టిన ప్రమాణంలో, కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు అని పెట్టి, తేమ పట్టాక ఆ హద్దును 155కి దించారు. మినరల్ ఆయిల్ తేమను పీల్చదు. కానీ ఎలాగో నీటి చుక్క లోపలికి పోతే అది ఆయిల్‌లో కలవకుండా కిందికి జారి కాలిపర్‌లో కూర్చుంటుంది, సరిగ్గా అత్యంత వేడెక్కే చోట. అక్కడ 100 డిగ్రీలకే ఆవిరైపోతుంది. పాత సీసా మూత సరిగ్గా పెట్టకుండా వంటింటి అటక మీద వదిలేసి మళ్లీ వాడొద్దు అనేది అందుకే.

ఇక పని. శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టాను. కావాల్సినవి: ఆ బ్రేకుకు సరిపోయే ఆయిల్ 100 మిల్లీలీటర్ల సీసా, లివర్ మీద బిగించే చిన్న గరాటు (దీన్ని మాత్రం ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి), 7 ఎంఎం రింగు పానా, 2.5 ఎంఎం అల్లెన్ కీ, కాలిపర్ పిస్టన్ల మధ్య పెట్టే పసుపుపచ్చ ప్లాస్టిక్ దిమ్మ, పాత బనియన్ గుడ్డలు, గ్లౌజులు. సిరంజీ, సన్నటి పైపు మెడికల్ షాపులో తెచ్చాను. సిరంజి 20 మిల్లీలీటర్లది సరిపోతుంది, కానీ దాన్ని రెండోసారికి దాచుకోకండి. లోపలి నల్ల రబ్బరు మినరల్ ఆయిల్‌కు ఉబ్బి బిగుసుకుపోతుంది, అప్పుడు బలంగా తోస్తే ఒక్కసారిగా జారి ఆయిలంతా చిమ్ముతుంది. పెరట్లో మావి కడప బండలు. ఆయిల్ పడితే మరక పోదు, కాబట్టి కింద నాలుగు పొరల పేపరు పరిచాను.

అన్నిటికంటే ముందు చక్రం తీసి వేరే గదిలో పెట్టాను, ప్యాడ్లు తీసి కాగితంలో చుట్టి అల్మరాలో పెట్టాను. ఇది చాదస్తం కాదు. ఒక్క ఆయిల్ చుక్క ప్యాడ్‌కు తగిలితే అది పీల్చుకుంటుంది, ఆ తర్వాత బ్రేకు వేస్తే కీచుమంటుంది తప్ప పట్టదు. కాల్చితే పోతుందని కొందరు చెప్తారు, నేను రెండుసార్లు చూశాను, వారం తిరక్కుండా మళ్లీ జారుడే. ప్యాడ్లున్న చోట పసుపు దిమ్మ పెట్టి దారంతో కట్టాను. లివర్ క్లాంపు వదులు చేసి, లివర్ నేలకు సమాంతరంగా ఉండేలా తిప్పాను. పైనున్న చిన్న స్క్రూ తీశాను, దానికో ఓరింగ్, అంటే చిన్న రబ్బరు చుట్ట ఉంటుంది, ఆవగింజకు రెండింతలు. అది కింద పడితే ఇక దొరకదు, తీసిన వెంటనే స్టీలు గిన్నెలో వేశాను. గరాటు చేత్తోనే బిగించి సగందాకా ఆయిల్ పోశాను.

కింద కాలిపర్ దగ్గర ముందు పానా తగిలించి, ఆ తర్వాత నిపిల్‌కు (ఆయిల్ దారిని తెరిచి మూసే చిన్న గొట్టం లాంటి స్క్రూ) పైపు ఎక్కించాలి. ఈ వరుస తప్పితే పైపు మళ్లీ పీకాల్సిందే. సిరంజిలో ఆయిల్ నింపి, సూదిమందు వేసే ముందు నర్సులు చేసినట్టు తలకిందులుగా పట్టుకుని వేలితో కొట్టి గాలంతా బయటికి పంపి, పైపు కొసదాకా ఆయిల్ వచ్చాక తగిలించాను. నిపిల్‌ను పావు తిప్పు కూడా కాదు, అందులో సగం వదులు చేసి సిరంజి మెల్లగా నొక్కాను. పైన గరాటులోకి మురికి ఆయిల్ వచ్చింది. కొత్తది రూఅఫ్జా రంగులో ఉంటుంది, నాది చెరుకుపాకం రంగులో వచ్చింది. దాంతోపాటు బుడగలు, మొదట పెద్దవి, తర్వాత సోడాలో లేచేంత సన్నవి. బుడగలు ఆగిపోయాక నిపిల్ బిగించి, గరాటులోని మురికి ఆయిల్ తీసేసి కొత్తది పోశాను.

ఇక్కడ మా పక్కింటి మామ వచ్చాడు. ఆయన పాతికేళ్లు జీపులూ వ్యాన్లూ తోలినాయన, ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఇంటి దగ్గరే ఉంటున్నాడు. గోడ మీద నుంచి చూసి, "ఏంబ్బా, సైకిల్‌కు గూడా ఆయిల్ బ్రేకేనా?" అన్నాడు. ఔను మామా, గాలి పట్టింది, తీస్తున్నానన్నాను. అంతే, తలుపు తీసుకుని వచ్చేశాడు, నా చేతిలో పానా లాక్కున్నాడు. "నువ్వు పైన కూచో. కొట్టమన్నప్పుడు కొట్టు, పట్టమన్నప్పుడు పట్టు. నేను చెప్పేదాకా వదలాకు."

జీపులకు గాలి తీసే పద్ధతి సరిగ్గా అదే, ఇక్కడ కాలి పెడల్‌కు బదులు వేలి లివర్. సిరంజి తీసేసి ఆ పైపు కొసను ఒక సీసాలో పెట్టాం. నేను లివర్ మూడుసార్లు కొట్టి, గట్టిగా పట్టి ఉంచితే, ఆయన నిపిల్‌ను అర సెకను తెరిచి మూసేవాడు. తెరిచిన క్షణంలో లివర్ కిందికి జారుతుంది, మూసేదాకా వదలకూడదు, వదిలితే బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. కొట్టు, కొట్టు, పట్టు. టక్. కొట్టు, కొట్టు, పట్టు. టక్. పైపులో ఎర్రటి ఆయిల్ మధ్య ఒక తెల్లటి బుడగ కదిలిపోవడం ఇద్దరం చూశాం. "పాయ నాకొడుకు" అన్నాడు మామ. ఈ పని జరుగుతున్నంతసేపూ గరాటు ఖాళీ కాకుండా పోస్తూనే ఉండాలి. ఒక్కసారి అడుగు కనబడిందంటే మొదటినుంచి మళ్లీ చేయాల్సిందే.

సాయంత్రానికి లివర్ చూస్తే మునుపటికంటే బాగుంది, కానీ గట్టిగా లేదు. ఇంకో సిరంజి తోశాను. ఇంకో పదిసార్లు కొట్టు పట్టు. తేడా లేదు. సీసాలో మూడో వంతు ఆయిల్ అయిపోయింది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, లేదా సీళ్లు పోయాయనుకుని కొత్త బ్రేకు కొంటారు.

రాత్రి అన్నం తిన్నాక మళ్లీ పెరట్లోకి వెళ్లి టార్చి వేసుకుని పైపు దారి మొత్తం వేలితో తడుముకుంటూ చూశాను. వెనక కాలిపర్ నుంచి బయలుదేరి, ఫ్రేము వెంబడి ముందుకొచ్చి, హ్యాండిల్ ముందర ఒక వంపు తిరిగి లివర్‌కు చేరుతుంది. ఆ వంపు లివర్ కంటే నాలుగు వేళ్లు ఎత్తుగా ఉంది! గాలి ఎప్పుడూ పైకే పోతుంది, మనం తోయక్కర్లేదు, దానికి దారి ఉండాలంతే. అక్కడికి వచ్చిన బుడగ ఇక లివర్ వైపు కిందికి దిగదు, ఆ వంపు మీదే కూర్చుంటుంది. కాలిపర్‌లోనూ ఇదే ఇబ్బంది. పైపు బయటికొచ్చే రంధ్రం పక్కకు ఉంటే, దానికంటే పైనున్న మూలలో గాలి ఇరుక్కుంటుంది. నేను సాయంత్రమంతా ఆయిల్‌ను తోశాను, అది ఆ బుడగల పక్కనుంచి జారిపోయింది.

మా ఇల్లు పాతది, వరండాలో దూలానికి ఉయ్యాల కొక్కెం ఉంది, నన్నూ మా చెల్లెల్నీ ఊపిందే. సైకిల్ ముందు భాగాన్ని తాడుతో ఆ కొక్కేనికి వేలాడదీశాను, వెనకవైపు కింద పీట మీద ఆనేలా. కాలిపర్ బోల్టులు రెండూ విప్పి, పైపు రంధ్రం పైకి ఉండేలా వదిలేశాను. హ్యాండిల్ తిప్పి ఆ వంపును సాగదీస్తే ఇప్పుడు కాలిపర్ నుంచి లివర్ దాకా ఒకటే ఎక్కుడు దారి, మధ్యలో ఎక్కడా దిగుడు లేదు. లివర్‌ను మళ్లీ సమాంతరంగా తిప్పి గరాటులో ఆయిల్ పోసి, స్క్రూడ్రైవర్ పిడితో కాలిపర్ మీద, పైపు పొడవునా మెల్లగా కొట్టుకుంటూ వచ్చాను. లివర్‌ను కొంచెం నొక్కి ఠక్కున వదిలితే సన్నటి బుడగలు రెండు లేచాయి. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత, గరాటు అడుగున, ఒక పెద్ద బుడగ నెమ్మదిగా ఉబ్బి, రంధ్రం అంచును పట్టుకుని ఒక క్షణం ఆగి, విడిపోయి పైకొచ్చింది. బఠాణీ గింజంత అని ముందే రాశాను కదా, నిజంగా అంతే ఉంది. గరాటు మీద గుడ్డ కప్పి, రాత్రంతా అలాగే వదిలేసి పడుకున్నాను.

పొద్దున్నే లేచి మొదట చేసిన పని లివర్ కొట్టి చూడడం. ఇంకో రెండు చిన్న బుడగలు వచ్చాయి, ఆ తర్వాత ఎన్నిసార్లు కొట్టినా, హ్యాండిల్‌ను అటూ ఇటూ వంచినా ఒక్కటీ రాలేదు. లివర్ సగం దూరంలో రాయిలా ఆగింది. అప్పుడు గరాటు రంధ్రాన్ని దాని బిరడాతో మూసి, గరాటు తీసి, తొట్టి అంచుకు ఆయిల్ పొంగి ఉండగానే ఓరింగ్‌తో సహా స్క్రూ పెట్టాను. కాస్త ఆయిల్ కారుతుంది, కారనివ్వండి. ఆ పొంగు లేకుండా బిగిస్తే స్క్రూ కింద గాలి ఉండిపోతుంది. మరీ బలంగా బిగించకూడదు, రెండు వేళ్లతో ఎంత వస్తే అంత. తర్వాత లివరూ కాలిపరూ ఐసోప్రోపిల్ ఆల్కహాల్‌తో తుడిచాను. పెట్రోలు వద్దు, జిడ్డు పొర వదులుతుంది.

కొత్త ప్యాడ్లు వేసి, చక్రం పెట్టి, లివర్‌ను బలమంతా పెట్టి నిమిషం సేపు నొక్కి పట్టి, నిపిల్ చుట్టూ, స్క్రూ చుట్టూ పొడి కాగితం అద్ది చూశాను. తడి లేదు. కొత్త ప్యాడ్లు మొదటి రోజే పట్టవు. బండ్లు తిరగని రోడ్డు మీద ఓ మోస్తరు వేగంలో పోతూ, పూర్తిగా ఆపకుండా నడక వేగానికి తెచ్చి వదలడం, ఇలా ఇరవైసార్లు చేస్తే ప్యాడ్ పదార్థం డిస్కు మీద పల్చగా పరుచుకుంటుంది, పట్టు అప్పుడు మొదలవుతుంది. మామ అరుగు మీద కూర్చుని లెక్కపెట్టాడు. అయిపోయాక దగ్గరికొచ్చి లివర్ నొక్కి చూశాడు, రెండు వేళ్లతో, కళ్లు మూసుకుని. "ఇప్పుడు గెట్టిగా ఉండాదిలే" అన్నాడు. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు అనిపించింది నాకు.

తర్వాతి ఆదివారం మళ్లీ ఘాట్‌కు పోయాను. దిగేటప్పుడు ప్రతి మలుపు ముందూ లివర్ ఎక్కడ ఆగుతోందో వేలితో గమనించాను, పై మలుపులోనూ కింద మలుపులోనూ ఒకేచోట ఆగింది. కింద దిగాక కాలిపర్ దగ్గర చెయ్యి పెడితే సెగ తగిలింది. డిస్కును మాత్రం ముట్టుకోవద్దు, చర్మం ఊడుతుంది. మామకు పాలకోవా తెచ్చిచ్చాను. ముందు బ్రేకులో ఆయిల్ కూడా మార్చి రెండేళ్లు కావస్తోంది, వచ్చే శనివారం దాని వంతు. సీసాలో ఇంకా సగం ఉంది, మామ అప్పుడే పానా తుడిచి పెట్టుకున్నాడు.